కల్పితలూతలు - శరీరధర్మము

లోకమున లేని ప్రాణినిఁ గల్పించు కవికి లోకమున నున్న ప్రాణియొక్క శరీరముతోఁ బని యేమి యని కొందఱు విద్వాంసులు ప్రశ్నించుచున్నారు. పైకిఁ జూచినచో నిది న్యాయమైన ప్రశ్నవలెనే యున్నది. గండభేరుండమునకు శారీరశాస్త్రము లేదు. శరభమున కెముకలెన్ని యని యెవ్వఁడు నడుగఁడు. అట్లే యేనుఁగంత సాలెపురుఁగును వర్ణించువాఁడు దాని కాళ్ల నెచ్చట నాటినను, దానికిఁ గన్నులెన్ని పెట్టినను, కాదనువా రెవ్వరు? కవులు నిరంకుశులని పెద్దలు పలుకనే పలికిరి గదా! ఈ వాదము నేఁడు పాఠశాలలలోని విద్యార్థుల నోటఁ గూడ వినవచ్చుచున్నది. ఆంగ్లమునుండి వచ్చిన కథలలోను, చలనచిత్రములలోను, బాలుర బొమ్మల పుస్తకములలోను మహాకాయములగు లూతలు ప్రబలియున్నవి. వానిని జూచి మనవారును దెలుఁగునఁ గథలల్లఁ బూనుచున్నారు. అల్లుట మంచిదే. కాని యట్టి కథలలోఁ దఱచుగాఁ గానవచ్చు జంతువు సాలెపురుఁగు కాదు. చీమ తలకుఁ గందిరీఁగ కొండిని, పీత డెక్కలను నతికించి, యెనిమిది కాళ్లు తగిలించిన బొంత.

ఈ చిక్కు కల్పనాస్వాతంత్ర్యమునకు సంబంధించినది కాదనియు, శబ్దవృత్తికి సంబంధించినదనియు నా యభిప్రాయము. ఏ శబ్దమైనను నొక ప్రవృత్తినిమిత్తము నాశ్రయించి యర్థమునందుఁ బ్రవర్తించును. ఆ నిమిత్తము తొలఁగినచో శబ్దమును దొలఁగవలసినదే. వాహీకుని గోవనునపుడు శాబ్దికులు గౌణవృత్తి నంగీకరింతురు. గోవునందలి జాడ్యమాంద్యములు వాహీకునియందుఁ గానవచ్చుటచేతనే యా ప్రయోగము నిలిచినది. జాడ్యమును లేదు, మాంద్యమును లేదు, గోసామ్యమే లేదన్నచో నది గౌణప్రయోగము కాదు, వట్టి తప్పుమాట. కథకుఁడు తన రక్కసిని సాలెపురుఁ గనునపుడును నింతియే. పరిమాణము మాఱవచ్చును, మనస్సు మాఱవచ్చును, వాక్కు రావచ్చును. అన్నియు నొక్కపెట్టున మాఱినచోఁ బేరు నిలువదు. ఏవి నిలుపవలెను, ఏవి మార్పవచ్చును అను వివేకము కలుగవలెనన్న ముందుగా నున్నదేదో తెలియవలెను గదా.

శరభముతోడి సామ్యము చెల్లదనుటకు మఱియొక కారణము కలదు. మహాభారతము శాంతిపర్వమున నొక కుక్క ముని యనుగ్రహమునఁ జిఱుతయై, పులియై, యేనుఁగై, సింహమై, తుదకు శరభమగు కథ యున్నది. శరభమున కెనిమిది కాళ్లు. సాలెపురుఁగునకును నెనిమిది కాళ్లు. అష్టాపదశబ్దము నిఘంటువులలో నీ రెంటికిని గలదు. సంజ్ఞయందు అష్టశబ్దముయొక్క తుది యచ్చునకు దీర్ఘమును విధించు సూత్రము పాణినీయమున షష్ఠాధ్యాయమునఁ గనఁబడును. కావున నెనిమిది పాదములు గల దెల్ల నష్టాపదము గాదు, ఆ పేరఁ బ్రసిద్ధమైనదియే యష్టాపదము. పేరొక్కటియైనను రెంటికిని భేదము మహత్తరము. శరభమును జూచినవాఁడు లేఁడు. దానికి గ్రంథమే ప్రమాణము. సాలెపురుఁగు ప్రతి యింటి చూరునందును గలదు. దానికిఁ జదువరులెల్లరు సాక్షులు. బాల్యమునుండి చదువరి మనస్సునఁ బాతుకొనియున్న భయజుగుప్సలను గథకుఁడు ఎరవు తెచ్చుకొని తన రక్కసికిఁ దొడుగుచున్నాఁడు. ఎరవిచ్చినవాఁడు తన సొమ్మును గుర్తింపఁగలఁడు.

ఇఁక శరీరము. నేఁటి శాస్త్రజ్ఞులు లూతను గీటకములలోఁ జేర్పరు. కీటకములకు శరీరము మూఁడు ఖండములు, కాళ్లాఱు, మీసములు రెండు. లూతకు ఖండములు రెండే: తలయు ఱొమ్మును నొక్కటిగాఁ గలిసిన ముందుభాగము, కడుపైన వెనుకభాగము, రెంటి నడుమ మిక్కిలి సన్నని నడుము. ఎనిమిది కాళ్లును ముందుభాగముననే నాటుకొనియుండును. (చిత్రకారులలోఁ బెక్కండ్రు తప్పునది యిచ్చటనే, కడుపు పెద్దది గనుకఁ గాళ్లు దానికే యుండునని తలఁతురు.) ప్రతి కాలికి నేడు ఖండములు. నోటి ముందర రెండు కోఱలు, వాని ప్రక్కఁ జేతులవంటి చిన్న యవయవముల జంట. మీసములు లేవు, ఱెక్కలు లేవు, కొండి లేదు. కన్నులు తఱచుగా నెనిమిది. ఆఱు గలవియు నున్నవి. ప్రతి కంటికిని గటకము నొక్కటే. ఈఁగ కన్నువలె వేయి గవాక్షములది కాదు. దారము వెలువడునది కడుపు తుద నడుగువైపున నున్న తంతుద్వారములనుండి. అవి తఱచుగా మూఁడు జంటలు. ఇది యాహారమును ముద్దలుగా మ్రింగలేదు. పాచకరసమును వేఁటపైఁ గ్రక్కి, కరఁగించి, ద్రవమునే పీల్చును. అన్నవాహిక మెదడునడుమనుండి పోవుట మఱియొక వింత. నెత్తురున నినుమునకు బదులు రాగి యుండుటచే నది నీలిచాయఁ దేలును. కాళ్లను ముడుచుటకుఁ గండరములు గలవు. కాని ముఖ్యమైన రెండు కీళ్లను జాఁచుటకుఁ గండరములు లేవు. దేహమునందలి ద్రవమును నొక్కి, యా యొత్తిడిచేతనే కాళ్లను జాఁచును. ఈ తుది విషయమును జదువరులు జ్ఞప్తియం దుంచుకొన వేఁడెదను; ముందు దీనితోఁ బని గలదు.

మన పూర్వులు దీనికిఁ బెట్టిన పేళ్లను విచారించినచో వారు చూచియే పెట్టిరని తెలియును. అమరసింహుఁడు సింహాదివర్గమున లూతా, తంతువాయ, ఊర్ణనాభ, మర్కటక శబ్దములను బర్యాయములుగాఁ జెప్పెను. తంతువాయుఁ డనఁగా నేఁతగాఁడు. తెలుఁగు సాలీఁడును నాతఁడే. మర్కటక మనఁగాఁ జిన్నకోఁతి. ప్రాఁకుటయు దూఁకుటయుఁ జూచి పెట్టిన పేరు కావచ్చును. ఊర్ణనాభశబ్ద మించుక విచార్యము. ఉన్నివంటి నూలు నాభియందుఁ గలది యని విగ్రహము. ఊర్ణాశబ్దము తుది కాకారమునకు హ్రస్వమును, సమాసాంతమున నచ్‌ప్రత్యయమును రాఁగా రూపసిద్ధి. నాభి యనఁగా బొడ్డు. గ్రుడ్డునుండి పుట్టిన సాలెపురుఁగునకు బొడ్డెక్కడిది? అయినను నోరనక, కాలనక, నాభి యనుటచేఁ గడుపే లక్షింపఁబడినది. దారము వచ్చు చోటు కడుపని చూచినవాఁడు తప్ప మఱియొకఁ డీ పేరు పెట్టఁజాలఁడు.

ముండకోపనిషత్తు జగత్సృష్టికి దీనిని దృష్టాంతముగాఁ గొన్నది. పురుఁగు దారమును దనలోనుండి వెలువరించును, మరలఁ దనలోనికే కైకొనును. ఈ రెండవ మాట వట్టి యలంకార మని తలఁచువారు కలరు. కాదు. చక్రాకారముగా వలనల్లు జాతులు పెక్కులు పాతవలను దామే తినివేసి, యందలి పదార్థముతోఁ గ్రొత్తవలను నేయుచుండును. దృష్టాంతము రెండంచుల నిలుచుటకుఁ గారణము దృష్టియే. బ్రహ్మసూత్రభాష్యమున ద్వితీయాధ్యాయము ప్రథమపాదమునందు, బాహ్యసాధనము లేక సృష్టి యెట్లు పొసఁగు నను చోట, శంకరభగవత్పాదులు నీ ప్రాణినే చూపిరి. అచ్చటఁ బ్రతివాది, చిన్నపురుఁగులను దినుటచే దాని లాల గట్టిపడి దారమగుచున్నది గనుక నది సాధననిరపేక్షము గాదని యాక్షేపించును. ఈ యాక్షేపమునందలి శారీరము కొంత సరి, కొంత తప్పు. తిన్న తిండియే దారమగుట నిజము. ద్రవము గట్టిపడి దారమగుటయు నిజము. అది లాల యగుట మాత్రము నిజము గాదు. నోటినుండి నూలు తీయునది పట్టుపురుఁగు. అద్వైతచర్చయం దొక ఘట్టము సాలెపురుఁగు జీర్ణక్రియపై నాధారపడియున్నదన్న సంగతి మన పాఠములలో నేల చెప్పఁబడదో తెలియదు.

దారము పురుఁగుయొక్క సొంతము అను నీ మాటయే ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమునందలి లూతకథకుఁ బ్రాణము. శ్రీ యనఁగా సాలెపురుఁగు, కాళము పాము, హస్తి యేనుఁగు, మువ్వురును శివభక్తులు. పాము మణులను దెచ్చి పూజించినది. ఏనుఁగు జలమును బిల్వదళములను దెచ్చి పూజించినది. ఈ రెండును బైనుండి తెచ్చినవి. ఒకరి పూజ నొకరు తొలఁగించిరి, వైరము పుట్టినది. సాలెపురుఁగు దెచ్చినదేమియు లేదు. అది స్వామికిఁ గట్టిన గోపురములు, మంటపములు, ప్రాకారములు నన్నియు దాని కడుపులోని నూలే. పరమేశ్వరుఁడు దానిని బరీక్షింపఁదలఁచి దీపజ్వాలచే గుడిని గాల్చెను. కాలినది గుడి మాత్రమే కాదు, దాని దేహమునందలి భాగము. కావుననే యది దీపమును మ్రింగఁ బూనుట యౌద్ధత్యముగాఁ దోఁచక, తన కడుపులోనుండి వచ్చినదానిని మ్రింగినవానిని దాను మ్రింగఁబోవుటగాఁ దోఁచును. మ్రింగుట దానికి సహజము. తన నూలును దాను మ్రింగు ప్రాణియే యది.

ఈ సాలెపురుఁగును గల్పితప్రాణియే. లింగార్చన చేయు లూతను జంతుశాస్త్రజ్ఞుఁ డెవ్వఁడు నంగీకరింపఁడు. అయినను దాని శరీరమున నొక్క యవయవమైనను మాఱలేదు, మాఱినది హృదయము. దీనినే యేనుఁగంత చేసినచో నేమగును? కొండవంటి దేహమునకు గుడి కట్టుట గొప్ప గాదు. ఆ కష్టమునందలి కరుణము పోవును. నూలు నెచ్చటనుండియో తెచ్చి కట్టెనన్నను బోవును. ఇట్టి కథయే తమిళదేశమున జంబుకేశ్వరక్షేత్రమునఁ గలదు. అచ్చట సాలెపురుఁగు స్వామిపై నెండుటాకులు రాలకుండ వలను బందిరిగా నల్లును. ఏనుఁగు దానిని మైల యని చెఱుపఁగాఁ దొండమునఁ జొచ్చి కఱచి, తానును జచ్చి, చోళరాజై పుట్టును. వలయు విషమును దక్క వేఱొక యాయుధమును గవులు దాని కీయలేదు, ఈయవలసిన యక్కఱయుఁ గలుగలేదు.

పశ్చిమమునను బ్రాచీనులు చూచియే వ్రాసిరి. రోమకకవి యోవిడ్ తన రూపాంతరకావ్యము నాఱవ భాగమున నరాక్నీ యను నేఁతపడుచు సాలెపురుఁగగు తీరును జెప్పెను. జుట్టు రాలును, ముక్కును జెవులును రాలును, తల చిన్నదగును, సన్నని వ్రేళ్లు ప్రక్కల నంటుకొని కాళ్లగును, తక్కినదంతయుఁ గడుపగును, దానినుండియే యామె నూలు విడుచును. రాలినవేవో చూడుఁడు: సాలెపురుఁగునకు లేనివే రాలినవి. బొటనవ్రేళ్లను విడిచినచో వ్రేళ్లెనిమిది. కవి లెక్క చెప్పలేదు, చదువరియే లెక్కించుకొనును.

ఈ కాలపుఁ గల్పితలూతలలోఁ బ్రసిద్ధమైనది టోల్కీన్ 1954వ సంవత్సరమునఁ బ్రకటించిన 'ద టూ టవర్స్' అను గ్రంథమునందలి షీలాబ్. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ విద్యాపీఠమున భాషాచార్యుఁడు. పేళ్లను గూర్చుటలో మనకుఁ జుట్టము. ఆంగ్లమున 'లాబ్' సాలెపురుఁగునకుఁ బ్రాతపేరు. దానికి ముందు స్త్రీవాచకసర్వనామమును జేర్చి యాతఁడా రక్కసికిఁ బేరు కట్టెను. మన లూతాశబ్దమును స్త్రీలింగమే యగుట తలఁపునకు వచ్చును. లూతలలోఁ బెక్కుజాతులయం దాఁడుది మగదానికంటెఁ బెద్దదై బలిష్ఠమై యుండును గనుక నీ లింగనిర్ణయము సార్థకము.

షీలాబ్ వర్ణనమున నిజమైనవి పెక్కులు. వీఁపునకు మించి పైకి లేచిన మోఁకాళ్లు, ముండ్లవంటి రోమములు, కాలి తుద గోరు, కాళ్లనడుమ వ్రేలాడు కడుపు: ఇవి చూరుక్రిందఁ జూచినవియే కొండగుహలోఁ గానవచ్చుచున్నవి. మనుష్యుని నూలుత్రాళ్లతోఁ జుట్టుటయు నిజమే. కాని తలపైఁ గొమ్ములు, తలవెనుక మెడ, ముక్కువంటి నోరు, గవాక్షములు గల కన్నుల గుత్తులు రెండు: ఇవి లూతకు లేవు. వీనిలోఁ గొమ్ములు వట్టి భారము. కథలో వానితోఁ బనియే లేదు. కన్నుల సంగతి వేఱు. గుహలో నాయకుఁడు దివ్యదీపము నెత్తినపుడా కన్నులు వెలుఁగును మరల్చుట కవికిఁ గావలసియున్నది. అందులకై యాతఁడు ఈఁగ కన్నులను దెచ్చి పెట్టెను. తేనక్కఱలేదు. రాత్రివేళ దివ్వెపట్టి గడ్డినేలపైఁ జూచినచోఁ దోడేలుసాలీఁడు కన్నులు వెలుఁగును దిరిగి కొట్టి రవలవలె మెఱయును. కంటి లోపల నద్దపుఁ బొరవంటి దొకటి యుండుటయే దీనికిఁ గారణము. నిజమైన కన్నే యాతని కక్కఱకు వచ్చియుండెడిది. తెలియక చేసిన మార్పుచే నిజమునందలి మేలు పోఁగొట్టుకొనుట యన నిట్టిది.

దీని కెదురుగా, తెలిసి చేసిన మార్పున కుదాహరణమును నాతనియందే కలదు. లూతకు ముందుభాగముపైఁ గట్టి పెంకు, కడుపున మెత్తని చర్మము నుండును. కత్తిపట్టిన సేవకుఁడు కడుపుక్రిందఁ జేరెనన్నంతనే చదువరి కడుపు చీలునని తలఁచును. కవి యట్లు చేయలేదు. యుగములుగాఁ బొరపై పొర పెరిగిన యా చర్మమును మానవబలము చీల్పఁజాలదనెను, చీల్పనీయలేదు. అది వానిని నలిపివేయఁ దన దేహమును వానిపై దించినపుడు, నిలువుగాఁ బట్టిన కత్తి దాని బరువుచేతనే దాని కడుపున దిగఁబడినది. శరీరధర్మమును మార్చినాఁడు, మార్పునకుఁ గారణము చెప్పినాఁడు, ఆ మార్పుతోఁ గథను నడపినాఁడు. దేశకాలలోకన్యాయాదివిరోధములను దోషములుగా నెన్నిన దండియే, కవికౌశలముచే నవి యొకప్పుడు దోషపంక్తిని దాఁటి గుణములగునని కావ్యాదర్శమునఁ జెప్పెను. ఈ ఘట్టమా వాక్యమునకు లక్ష్యము. కొమ్ములు దోషలక్షణమునకే లక్ష్యము.

ఈ గ్రంథమును బీటర్ జాక్సన్ చలనచిత్రముగాఁ దీసినపుడు, 2003 నాఁటి మూఁడవభాగమున, షీలాబునకుఁ గడుపు తుదఁ గందిరీఁగకువలె కొండి పెట్టి దానితోఁ బొడిపించెను. గ్రంథమున గాయము మెడయందు. చూచువారికి భయము కలుగలేదని యనను, కలిగినది. కాని యిచ్చట విచిత్రమొకటి కలదు. వేఁటను జంపక, కొండితోఁ బొడిచి, చేష్ట లుడిగించి, ప్రాణముతో నుంచునది సాలెపురుఁగులను వేఁటాడు కందిరీఁగ. అట్లుంచినదానిపై గ్రుడ్డు పెట్టును, పిల్ల పుట్టి దానిని దినును. చిత్రకారులు లూతకు దాని వైరి యాయుధమునే తగిలించిరి. తంతుద్వారములుండవలసిన చోటఁ గొండి రాఁగా నూలెచ్చటినుండి వచ్చు నన్న ప్రశ్నయు మిగిలినది. అన్నిటికంటె నష్టము వేఱు. కోఱతోఁ గఱచునది ముఖమునకు ముఖము చేర్పక కఱవలేదు. ఎనిమిది కన్నులును దగ్గఱకు వచ్చు నా క్షణము కొండితోఁ బోయినది.

రౌలింగు 1998వ సంవత్సరపు గ్రంథమున వచ్చు నారగాగ్ మాటలాడు లూత. ముదిమిచే నెనిమిది కన్నులును బాలవలెఁ దెల్లబడి గ్రుడ్డిదైనది. గ్రుడ్డిదైనను దన రాజ్యము నేలుచున్నది. ఇది సరియే, వలనల్లు లూతలకుఁ గంటిచూపు తక్కువ, కాళ్లయందలి రోమములచేతను సన్నని చీలికలచేతను గదలిక నెఱుఁగును. మాటకు ముందుఁ గోఱలను గటగట లాడించుటయు నుచితమే. 2005 నాఁటి గ్రంథమున నిది చచ్చిన తరువాత వెల్లకిలఁ బడి, కాళ్లు ముడుచుకొని, చిక్కువడియున్నట్లు వర్ణింపఁబడినది. కాళ్లను జాఁచునది ద్రవము నొత్తిడియేయని పైఁ జెప్పితిని. ప్రాణము పోఁగానే యొత్తిడి పోవును. ముడుచు కండరముల కెదురు లేక కాళ్లు లోనికి ముడుచుకొనును. చీపురుతో నూడ్చునపుడు మన మందఱమును జూచినదియే. రాక్షసాకారమైన యా జంతువు చచ్చి, మనయింటి మూలనున్న దానివలెనే ముడుచుకొనుటచే నొక్కసారిగాఁ జిన్నదై, జాలి పుట్టించుచున్నది. హాస్యమున కని యుద్దేశించిన ఘట్టమునఁ గరుణ మించుక తొంగిచూచుట యా కాళ్లచేతనే.

పరిమాణమునుగూర్చి శాస్త్రజ్ఞులు చెప్పు నాక్షేపము ప్రసిద్ధము. గెలీలియో 1638వ సంవత్సరముననే చూపినట్లు, పొడవు పదింతలైనచోఁ గాలి యడ్డుకోఁత వైశాల్యము నూఱింతలు, దేహము బరువు వేయింతలు నగును, మోయుట పొసఁగదు. నేఁడున్నవానిలో నెల్లఁ బెద్దవాని కాళ్లవిరివి సుమారు 30 సెంటీమీటర్లు. బరువున మిన్నయైన దక్షిణ అమెరికా లూత సుమారు 175 గ్రాముల మాటయే. కాని యీ యొక్క విషయమునఁ గవికి విడుపు గలదని నా తలఁపు. అతిశయోక్తి పరిమాణమును బెంచును, రూపమును జెఱుపదు. పెంచినను గుర్తుపట్టఁగలుగుటయే యతిశయోక్తికి జీవము. పండితులును బరిమాణమునఁ బొరపడిరి. 1980వ సంవత్సరమున అర్జెంటీనాదేశపు శిలాజ మొకటి మహాలూత యని వర్ణింపఁబడి, 2005వ సంవత్సరమున నది సాలెపురుఁగే కాదనియు, నీటితేలుజాతి దనియుఁ దేలినది. ఆ శిలను సాలీఁడనుకొన్నవారు పరిమాణమునకు వెఱవలేదు. సాలీఁడు కాదని తేల్చినది యవయవముల పరీక్షయే.

శరీరమునుండియే సమస్తకథను దీసినవాఁ డేడ్రియన్ చైకోవ్‌స్కీ. 2015వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడి, మఱుసటియేఁడు ఆర్థర్ క్లార్క్ పురస్కారము నందిన 'చిల్డ్రన్ ఆఫ్ టైమ్' అను నాతని నవలలోఁ బోర్షియా యను దూఁకుడుసాలీఁడుజాతి తరతరములుగా బుద్ధి పెంచుకొని నాగరకమగును. ఈ జాతి నిజముగా దక్షిణాసియాదేశములఁ గలదు. తక్కిన సాలీఁడులనే వేఁటాడును, ఎరను గన్నులఁ బాయవలసివచ్చినను జుట్టుదారిఁ బట్టి చేరఁగలుగును. నవలలో వీనికి గొంతులేదు. దారముపైఁ గాళ్లతోఁ దట్టి, కంపనములచే మాటలాడుకొనును. ఇండ్లు నూలివి, యంత్రములును నూలివే. ఆఁడుది మగదానిని దిను వాడుక నాగరకతతోఁ గూడ నడచివచ్చి, ప్రాణము దక్కించుకొను హక్కుకై మగవాఁడు పోరాడు ఘట్టమునకు దారితీయును. ఇచ్చట భయము కలుగదు. మొదటఁ గలిగినను, గ్రమముగాఁ దొలఁగి యాదరముగా మాఱును. శైలియందు నాకుఁ గొంత పొడితనము కానవచ్చినది. మనుష్యులు గల భాగములు లూతలు గల భాగములకుఁ జాలవు. కాని 'చీమ తలయుఁ గందిరీఁగ కొండియు' నతికించిన బొంతలు చేయఁజాలని పని నీ కథ చేసినది: లూత కన్నులతో లోకమును జూపినది. తెలుఁగువారికి 2012 నాఁటి 'ఈగ' చలనచిత్రము తెలియనిది కాదు. అందును బగతీర్చుకొనువాని బలమంతయు నీఁగ చేయఁగల పనులే: చెవిలో రొద, కంటికి నిద్ర లేకుండఁ జేయుట. అది పెరిగి గ్రద్దంతయై పగవానిని జీల్చియుండినచో నెవ్వరు చూచియుందురు?

మన కథకులకు వలసిన సామగ్రి సంస్కృతమునను లేకపోలేదు. సుశ్రుతసంహిత కల్పస్థానము నెనిమిదవ యధ్యాయమున లూతల పుట్టుక చెప్పఁబడినది. కామధేనువును విశ్వామిత్రుఁడు గొనిపోవ వసిష్ఠునకుఁ గోపము పొంగి, నొసటి చెమటబొట్లు కోసిన గడ్డిపైఁ బడి సాలెపురుఁగులైనవఁట. లూనమైన తృణముపైఁ బుట్టుటచే లూత లైనవి. ఛేదనార్థకమైన ధాతువు నిట్లు కథగా మలఁచుట వైయాకరణులకు నసూయ పుట్టించును. అచ్చట లూతలు పదునాఱువిధములు. ఎనిమిది కష్టసాధ్యములు, ఎనిమిది యసాధ్యములు. విషము విడుచు మార్గము లేడు: లాల, గోళ్లు, మూత్రము, కోఱలు మున్నగునవి. నేఁటి శాస్త్రము కోఱలలోని నాళమును దక్కఁ దక్కినవాని నంగీకరింపదు. అయినను లాలామార్గము వట్టిమాట యనరాదు; కోఱలనుండి జిగురును విషముతోఁ గలిపి దూరమునుండి చిమ్ము నుమ్మిసాలీఁడులు నేఁడును గలవు. అమెరికాఖండమునందలి పెద్దలూతలు కడుపుపై రోమములను గాళ్లతో రాల్చి పగవాని కన్నులలోఁ గొట్టును. ఇన్ని యుండఁగాఁ గందిరీఁగ నడిగి కొండి తెచ్చుకొనవలసిన లేమి యేమి?

ఆ పదునాఱింటిలో జాలిని, కృష్ణ, అగ్నివర్ణ, కాకాండ, మాలాగుణ యను పేళ్లు సుగమములు. ఏణీపది యనునది మాత్రము నన్ను నిలిపినది. ఏణి యనఁగా నాఁడులేడి. లేడి పాదమువంటి పాదము గలది యని యర్థము. లేడి గిట్ట రెండుగాఁ జీలినది. దూఁకుడుసాలీఁడులకును, గోడలపైఁ బరువిడు పెద్దసాలీఁడులకును బాదాగ్రమున గోళ్లు రెండు, వలనల్లువానికి మూఁడు. ఈ సామ్యము కటకము లేక కానరాదు గనుక నా వైద్యుఁడు దీనినే చూచెననుట సాహసము. సన్నని పొడవైన కాళ్లను జూచియో, ఆఁగి చెవియొగ్గినట్లు నిలిచి మరల నొక్క పెట్టునఁ బరువెత్తు తీరును జూచియో పెట్టియుండును. ఏణీపదిని గూర్చి కథ వ్రాయఁబూనువాఁడు పుస్తకము తెఱచుటకు ముందు, వానలు వెలసిన పిమ్మట నొక రాత్రి దివ్వె గైకొని పెరటిలోనికిఁ బోయి, గడ్డిపై రవలవలె మెఱయు కన్నులను గుర్తుపట్టి, యా కన్నులు గలది యెట్లు నడచునో కొంతసేపు కదలక నిలిచి చూచునది.